చెప్పకుండా చేయించుకున్న ఆపరేషన్

మూడేళ్ళ కింద చెన్నైలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని తిరుపతికి వచ్చిన రోజు, మా వీధిలో వాళ్ళకి గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాం. ఆ అబద్ధం నాదే, మా ఆయన వద్దంటున్నా నేనే చెప్పించాను. అప్పుడు నా బరువు 118 కిలోలు, ఎత్తు 157 సెంటీమీటర్లు, షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు, రాత్రి పడుకుంటే గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇన్ని ఉన్నా నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది" అనే మాటకి. అందుకే మా అత్తమ్మకి కూడా నిజం చెప్పలేదు. మా ఇంట్లో వంట చేసేది ఆవిడ.

ఈ ఆపరేషన్ గురించి ఈ రెండు నెలల్లో నాకు ఫోన్ చేసిన నలుగురిలో ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు, "అక్కా, ఇంట్లో చెప్పకుండా చేయించుకోవచ్చా?" అని. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాకు చేసింది స్లీవ్ అనే రకం. కడుపులో 75 నుంచి 80 శాతం దాకా తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే తయారవుతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలి పెద్దగా తెలియదు. ఇంకో రకం బైపాస్, అందులో కడుపు పైభాగాన్ని చిన్న సంచిలాగా చేసి దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. రెండింట్లో ఎవరికి ఏది అన్నది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, నేను చెప్పేది కాదు.

మొదటి నెల మా అత్తమ్మతో ఇబ్బంది రాలేదు, ఆపరేషన్ పథ్యం అనుకుని నేను అడిగినట్టు పప్పుకట్టు, వడగట్టిన మజ్జిగ చేసి పెట్టింది. నెల దాటాక మాత్రం "ఇంకా ఏం పథ్యమమ్మా, ఒంట్లో రక్తం లేకుండా అయిపోయినావు" అని సంగటి ముద్దలు కలిపి పెట్టడం మొదలుపెట్టింది. పాపం, ఆవిడ తప్పేముంది? గర్భసంచి ఆపరేషన్ అయిన మనిషికి ఎవరైనా అదే పెడతారు. ఆరో వారంలో తిరుచానూరులో చుట్టాల పెళ్ళి. పంక్తిలో కూర్చున్నాను. పక్కన మా పిన్నత్త, "రవ్వంత తినుమ్మా, ఏమయితాది" అంటూ నెయ్యి వేసిన ఓలిగ నా ఆకులోకి తోసింది. కాదంటే ఎందుకని అడుగుతుంది, అడిగితే చెప్పాలి. రెండు ముక్కలు గబగబా మింగి, పైన నీళ్ళు తాగాను. అయిదు నిమిషాల్లో రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టు నొప్పి, నోట్లో ఊరే ఉమ్మి కూడా దిగదు, నురగలు నురగలుగా బయటికి వస్తోంది. చేతులు కడుక్కునే చోట గోడ పట్టుకుని నిలబడిపోయాను.

ఆ రోజు మొదలైన వాంతులు నాలుగు రోజులు ఆగలేదు. పక్క వీధి క్లినిక్‌కి పోయి గ్యాస్ ట్రబుల్ అన్నాను, అక్కడ కూడా ఆపరేషన్ సంగతి చెప్పలేదు. వాళ్ళు నొప్పికి డైక్లో (డైక్లోఫెనాక్) ఇంజెక్షన్ వేసి పంపారు. తప్పు వాళ్ళది కాదు, నేను దాచాను. ఈ ఆపరేషన్ అయిన వాళ్ళకి ఆ రకం నొప్పి మందులు పుండ్లు తెప్పిస్తాయి, ముఖ్యంగా బైపాస్ వాళ్ళకి అసలు పనికిరావు, నొప్పికి పారాసెటమాల్ తప్ప ఇంకేది వేసుకోవాలన్నా మన సర్జన్‌ని అడగాలి.

నాలుగో రోజు రాత్రి గుర్తొచ్చింది, చెన్నై హాస్పిటల్లో నా పక్క బెడ్‌లో ఉన్న చిత్తూరు గ్రీమ్స్‌పేట అక్క. నాకంటే పెద్దది, బైపాస్ చేయించుకుంది, ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యమని నెంబరు ఇచ్చింది. చేశాను. అక్క బాగున్నావా అని కూడా అడగలేదు. "నీళ్ళు నిలస్తాండాయా? ఒంటేలు ఏ రంగులో వస్తాంది? కండ్ల ముందర రెండు రెండుగా కనిపిస్తాండాదా? నడిస్తే తూలుతాండావా?" అని వరసగా అడిగింది. నీళ్ళు నిలవడం లేదు, తల తిరుగుతోంది అన్నాను. "ఇప్పుడే ఆస్పత్రికి పో, తెల్లారేదాకా ఉండొద్దు, డ్రిప్పు పెట్టేముందు బీ1 వెయ్యమని అడుగు, నీకు ఏ ఆపరేషన్ అయ్యిందో మొదటి మాటే చెప్పు" అంది.

బీ1 అంటే థయమిన్. రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో అది అయిపోతుంది, ఆ స్థితిలో ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, అందుకే ముందు థయమిన్ ఇవ్వాలి. ఇది నాకు డిశ్చార్జి కాగితాల్లో రాసే ఇచ్చారట, నేను చదవలేదు. ఆ రాత్రి ఎమర్జెన్సీలో మా ఆయన అన్నీ చెప్పారు. మర్నాటికి లేచి కూర్చున్నాను. ఇంటికొచ్చాక అత్తమ్మకి నేనే చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాతో చెప్పింటే ఆ సంగటి కలిపి పెట్టేదాన్నా అమ్మా" అని కండ్లనీళ్ళు పెట్టుకుంది. నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

కాబట్టి నన్ను అడిగే వాళ్ళకి నా జవాబు ఇది. ఊరందరికీ చెప్పనక్కర్లేదు, ఆఫీసులో చెప్పనక్కర్లేదు, అది మీ ఇష్టం. కానీ మీ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడేది ఎవరో వాళ్ళకి తెలియాలి. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, పంటి డాక్టర్ అయినా సరే, మొదట అదే చెప్పాలి. ఇప్పటికే ఈ ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఒకరు, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తేవాళ్ళు, మీకు తెలిసి ఉండాలి. హాస్పిటల్ వాళ్ళనే అడగండి, పాత పేషెంట్లలో మాట్లాడడానికి ఒప్పుకున్నవాళ్ళని వాళ్ళు కలుపుతారు. పర్సులో ఒక చీటీ పెట్టుకోండి: ఏ ఆపరేషన్, ఏ తేదీ, సర్జన్ నెంబరు, డైక్లోఫెనాక్ ఐబూప్రోఫెన్ లాంటివి వద్దు, ముక్కులో గొట్టం వేయాల్సి వస్తే ముందు సర్జన్‌తో మాట్లాడండి అని. నేను దాన్ని లామినేషన్ చేయించి బస్ పాస్ వెనక పెట్టుకున్నాను.

మొదటి వారాల్లో గుండె నిమిషానికి 120 పైన కొట్టుకుంటున్నా, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా ఎవరినీ అడుగుతూ కూర్చోవద్దు, నన్ను కూడా, నేరుగా ఆస్పత్రికి పోండి. కుట్ల దగ్గర లీకు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం అలాగే బయటపడతాయి.

ఇంక తిండి. డైట్ చార్టులో ఉండే బ్రాత్, జెల్లీ, ప్యూరీ చూసి మనవాళ్ళు కంగారుపడతారు. మన వంటింట్లో అన్నీ ఉన్నాయి. మొదటి రెండు వారాలు పప్పుకట్టు, కారం లేని చారు, వడగట్టిన మజ్జిగ, తినేవాళ్ళయితే నాటుకోడి ఎముకల చారు గుడ్డలో వడగట్టి. 30 మిల్లీలీటర్ల చిన్న కప్పు పెట్టుకుని పావుగంటకి ఒకటి చొప్పున చప్పరిస్తూ తాగితే పగలంతా కలిపి లీటరున్నర అవుతుంది, అదే మొదటి వారం ఉద్యోగం అనుకోండి. తర్వాత రెండు వారాలు మెదిపినవి, మెత్తటి పెసరపప్పు, గుడ్డు మెదిపి, ఇడ్లీ పాలలో నానబెట్టి. ఆ తర్వాత మెత్తగా ఉడికినవి. హాస్పిటల్‌ని బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది, మీ వాళ్ళు చెప్పిందే పాటించండి.

మన చిత్తూరు వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది సంగటి గురించి. రాగులు మంచివే, అంబలి పల్చగా చేసుకుంటే మొదట్లో కూడా బాగా దిగుతుంది. కానీ సంగటిని మనం నమలం. ముద్ద విరిచి పులుసులో ముంచి మింగేస్తాం, చిన్నప్పటి నుంచి అదే అలవాటు. ఆపరేషన్ తర్వాత ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమలాలి, జిగటగా ఉండే సంగటి ముద్ద అలా మింగితే గొట్టం మొదట్లోనే ఇరుక్కుంటుంది. చాలామంది మొదటిసారి ఇబ్బంది పడేది దీంతోనే. నేను ఏడాది దాటాక గోలీకాయంత ముద్ద చేసుకుని తినడం నేర్చుకున్నాను, పచ్చిపులుసు కాస్త తగ్గించి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది, మే నెల ఎండల్లో మరీ. గోలీసోడా లాంటి గ్యాస్ ఉన్నవి వద్దు.

ప్రోటీన్ రోజుకి కనీసం 60 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములు వస్తుంది, గ్లాసు పాలకి దాదాపు అంతే, పూటకి నాలుగు చెంచాలు పట్టే కడుపులోకి ఎన్ని వెళ్తాయో మీరే చూసుకోండి. మొదటి నెలల్లో పౌడర్ తప్పదు, శాకాహారులకి మరీ. పళ్ళెంలో ముందు పప్పో పనీరో గుడ్డో తిని, చోటు ఉంటేనే అన్నం. విటమిన్ మాత్రలు జీవితాంతం, బీ12, డీ, ఐరన్, కాల్షియం. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఉండాలి, ఐరన్ మాత్ర కాఫీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మొదటి ఏడాది రక్త పరీక్షలు మూడు నాలుగు సార్లు, తర్వాత ఏడాదికోసారి. బాగానే ఉన్నాను కదా అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

షుగరు ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ఆపరేషన్ అయిన రోజుల్లోనే షుగరు పడిపోవడం మొదలవుతుంది. పాత ఇన్సులిన్ డోసే వేసుకుంటూ పోతే షుగరు మరీ తక్కువైపోతుంది. రోజూ చూసుకుని డాక్టర్‌కి చెప్పి మార్పించుకోండి.

మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది. కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకి వస్తుంటే నేను రోజూ ఏడ్చేదాన్ని. ఒళ్ళు ఒక్కసారిగా తగ్గినప్పుడు అలా జరుగుతుంది, ప్రోటీన్ సరిగా పోతే కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది, నాకు వచ్చింది. గ్రీమ్స్‌పేట అక్క నాలుగో నెలలో కొండకి పోయి కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేసింది. "రాలిపోయేది ఎట్లాగూ రాలిపోతాది, స్వామికిస్తే పుణ్యమన్నా వస్తుంది" అంది. ఆ గుండుతో ఆమె ముఖం ఎంత తేటగా ఉందో.

కొండ మాట వచ్చింది కాబట్టి, ఆపరేషన్ అయితే నడిచి వస్తానని చాలామంది మొక్కుకుంటారు. అలిపిరి దారి 3,550 మెట్లు. మొదటి నెలల్లో గడగడా నీళ్ళు తాగలేరు, చెమటకి పోయినంత తిరిగి లోపలికి రాదు, దారిలోనే కళ్ళు తిరుగుతాయి. డాక్టర్ సరే అన్నాకే ఎక్కండి, స్వామి ఎక్కడికీ పోడు. శనివారం ఒక్కపొద్దులు కూడా మొదటి ఏడాది వద్దు. ఇంట్లో ఎవరన్నా లడ్డూ తెచ్చి పెడితే నేను చిటికెడు తీసుకుని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటాను. చక్కెర, నెయ్యి ఎక్కువైతే, బైపాస్ వాళ్ళకి ముఖ్యంగా, చెమటలు పట్టి గుండె దడదడలాడి విరేచనాలు అవుతాయి, దాన్ని డంపింగ్ అంటారు.

డబ్బు గురించి కూడా అడుగుతారు. డాక్టర్ల లెక్క వేరు, ఇన్సూరెన్స్ లెక్క వేరు. సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 35 గానీ ఆపైన గానీ ఉంటే ఇతర జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు, ఆసియా వాళ్ళకి ఇంకా తక్కువ నుంచే ఆలోచించవచ్చు. మన ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనలో మాత్రం బీఎంఐ 40, లేదా 35 ఉండి అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), గుండె జబ్బు లాంటివి ఉండాలి. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన గడువు కూడా ఉంటుంది. స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి చూసే పరీక్ష), పాత షుగరు రిపోర్టులు ముందే ఫైలు చేసి పెట్టుకోండి, నాది మొదటిసారి కాగితాలు చాలవని వెనక్కొచ్చింది. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు అన్నం మాన్పించి ఇచ్చే డైట్‌లో దొంగతనంగా తినొద్దు. అది కాలేయంలో కొవ్వు కరిగించడానికి, కాలేయం ఉబ్బి ఉంటే కింద ఉన్న కడుపు సర్జన్‌కి సరిగా కనిపించదు.

మదనపల్లె వైపు నుంచి ఒక అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి చూపులకి ముందు చేయించుకుని ఎవరికీ చెప్పకూడదని వాళ్ళమ్మ అంటోందని ఏడ్చింది. నేను మెత్తగా చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, పెళ్ళైన మూడో నెలకే విశేషమా అని అడిగే ఇళ్ళల్లో ఆ పిల్ల ఏమని చెప్తుంది? విటమిన్లు తక్కువై కడుపులో బిడ్డకి ఏమన్నా అయితే ఎవరికి చెప్పుకుంటుంది? కట్టుకోబోయేవాడికి తెలియాలి, తెలిసి వెనక్కి పోతే పోనీ అన్నాను. వాళ్ళమ్మకి నా మీద కోపం వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం ఇప్పటికీ ఫోన్ చేస్తుంది.

ఇప్పుడు నా బరువు 79. ఒకప్పుడు 75 దాకా వెళ్ళి నాలుగు కిలోలు తిరిగొచ్చాయి. బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీం లాంటివి నమలకుండానే కరిగి జారిపోతాయి, కడుపు నిండినట్టు అనిపించదు, ఆ రూపంలో వచ్చాయి. ఆ సంగతి కూడా మొదట చెప్పింది గ్రీమ్స్‌పేట అక్కకే. తిట్టలేదు, "వారం రోజులు తిన్నది తిన్నట్టు రాసి పంపు" అంది, పంపాను.

మొన్న ఆదివారం పొద్దున ఎస్వీ యూనివర్సిటీలో వాకింగ్ దగ్గర పలమనేరు నుంచి ఒకామె వచ్చి కలిసింది, వచ్చే నెల ఆపరేషన్. వెంట వాళ్ళ అత్తగారు వచ్చారు, డెబ్బై దాటిన మనిషి, చేతిలో మనవడి నోటు పుస్తకం, పెన్ను. గంటసేపు నేను చెప్పిందంతా రాసుకున్నారు. లేచేటప్పుడు ఆగి అడిగారు, "మజ్జిగలో రవ్వంత ఉప్పు వెయ్యొచ్చా అమ్మా? మా కోడలికి ఉప్పు లేకుంటే దిగదు."

వెయ్యండి పెద్దమ్మా, పచ్చిమిరపకాయే వద్దు అన్నాను. అది కూడా రాసుకున్నారు.