గుంతలో ఇద్దరు

"నోట్లో మన్ను కుక్కినోడే మళ్లా నీళ్లు తాపుతాండాడు సూడు" అన్నాడు మా చిన్నాయన, టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఆయన రిటైరైన జవాను. ఇప్పుడు కడపలో ఒక బ్యాంకు దగ్గర గార్డు. ఈ రోజు డ్యూటీ లేదు, బయట ఎండ మండిపోతోంది. 2022లో వచ్చిన జర్మన్ సినిమా 'ఆల్ క్వయిట్ ఆన్ ద వెస్ట్రన్ ఫ్రంట్' పెట్టాను. మొదటి ప్రపంచ యుద్ధం కథ.

బాంబు పడిన గుంతలో పాల్ అనే జర్మన్ కుర్ర సైనికుడు ఒక ఫ్రెంచ్ సైనికుణ్ని కత్తితో పొడుస్తాడు. వాడు వెంటనే చావడు. ఆ గురగుర వినలేక పాల్ వాడి నోట్లో బురద కుక్కుతాడు. కాసేపటికి ఆ బురద తనే తీసి, తడిగుడ్డతో మొహం తుడుస్తాడు. తర్వాత జేబులో ఫొటో దొరుకుతుంది. పెళ్లాం, బిడ్డ.

మన సినిమాల్లో అయితే అవతలి సైనికుడికి జేబే ఉండదు.

నాలుగు ఆస్కార్లు వచ్చాయని చెప్తే, "ఈ ఒక్క సీనుకే ఇచ్చుంటారు" అన్నాడు చిన్నాయన. అందులో జర్మన్ జనరల్ కూర్చుని భోంచేసే సీన్లు నాకూ సాగదీసినట్టే అనిపించాయి.

ఇంకోటి (స్పాయిలరే, తిట్టుకోవద్దు). అంత ఏడ్చిన పాల్, చివర్లో కాల్పుల విరమణకు నిమిషాలే ఉన్నా, ఆర్డర్ రాగానే మళ్లీ దాడికి పోతాడు. మళ్లీ చంపుతాడు. ఏడ్చాడు కదా, ఇక మారిపోతాడులే అనుకుని కూర్చున్నా నేను.