నాన్న పాత లాప్‌టాప్‌కి ఏ ఎస్‌ఎస్‌డీ పనికొస్తుందో తేల్చుకున్నాను

నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి లెక్కలు రాస్తారు. సీజన్ ఊపందుకుంటే లాప్‌టాప్‌ని రిపేరుకి ఇచ్చే వీలుండదు. అందుకే సరుకు రావడం మొదలయ్యేలోపే దాని సంగతి చూడాలనుకున్నాను. 2016లో కొన్నది. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే 1 టీబీ హార్డ్‌డిస్క్. ఆన్ చేశాక ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) తెరుచుకునేలోపు నాన్న కాఫీ తాగడం అయిపోయేది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తోంది. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగమైన స్టోరేజ్ డ్రైవ్) వేస్తే చాలని అర్థమైంది.

బ్రాడీపేటలో ఒక షాపులో అడిగితే, "లోపల ఎం.2 స్లాట్ ఉంటే ఎన్‌వీఎంఈ వేయించేయండి మేడం, సాటా కంటే ఆరు రెట్లు స్పీడ్" అన్నారు. సాటా, ఎన్‌వీఎంఈ అంటే ఎస్‌ఎస్‌డీ బోర్డుతో మాట్లాడే రెండు పద్ధతులు. సాటా పాతది, ఎన్‌వీఎంఈ పీసీఐఈ అనే వేగమైన దారి మీద నడుస్తుంది. ఆ లెక్క తప్పేం కాదు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పీసీఐఈ 3.0లో నాలుగు లేన్లు (డేటా వెళ్లే వరుసలు) వాడే ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళ్తుంది. కానీ మన మదర్‌బోర్డు దాన్ని గుర్తుపడుతుందా? అది తేలేదాకా డబ్బు తీయకూడదనుకున్నాను.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎం.2 అంటే స్లాట్ ఆకారమే. దానికి బోర్డు మీద సాటా లైన్లే ఇచ్చి ఉండొచ్చు, పీసీఐఈ లైన్లే ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. వైఫై కార్డు పెట్టేది కూడా చాలా లాప్‌టాప్‌లలో ఎం.2 స్లాటే, అందులో ఈ ఎస్‌ఎస్‌డీలు పట్టవు. ఎన్‌వీఎంఈ కార్డుల్లో ఎక్కువ వాటికి అంచున ఒక గాటు ఉంటుంది, ఎం.2 సాటా కార్డులకు సాధారణంగా రెండు. ఎస్‌ఎస్‌డీల కోసం ఉండే ఎం కీ అనే రకం స్లాట్‌లో రెండు రకాలూ దూరతాయి. స్లాట్‌కి సాటా లైన్లే ఉంటే, ఎన్‌వీఎంఈ కార్డు చక్కగా కూర్చుంటుంది, స్క్రూ బిగుస్తుంది, బయోస్‌లో (ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాంలో) మాత్రం కనబడదు. ఒకవేళ పీసీఐఈ ఉన్నా, పాత బయోస్‌కి ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవడం తెలియకపోవచ్చు. అందుకని మూత విప్పి స్లాట్ చూసినంత మాత్రాన జవాబు దొరకదు.

లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద పూర్తి మోడల్ నంబరు ఉంది. పైన పెద్ద అక్షరాలతో ఉండే సిరీస్ పేరు చాలదు, అదే పేరుతో వేరే వేరే బోర్డులు అమ్ముతారు. ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దొరికింది. విడిభాగాల పట్టికలో ఎం.2 దగ్గర 2280 సైజు (22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు) సాటా కార్డులే ఉన్నాయి. ఎన్‌వీఎంఈ ప్రస్తావన ఎక్కడా లేదు. అదే సిరీస్‌లో తర్వాత వచ్చిన మోడల్ మాన్యువల్ తెరిస్తే పీసీఐఈ అని విడిగా రాసి ఉంది. దాంతో మనదానికి ఎన్‌వీఎంఈ పనికిరాదని తేలిపోయింది.

ఇక మిగిలినవి ఎం.2 సాటా, లేదా హార్డ్‌డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. వేగంలో రెండింటికీ తేడా లేదు. నేను రెండోదే తీసుకున్నాను. పాత డిస్క్ బయటికొస్తే నాన్న లెక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా చేతిలో ఉంటాయి. "పాత బాకీల వివరాలు పోతే రైతులకి ఏం చెప్పను తల్లీ" అని ఆయన టెన్షన్. ఆ మాట విన్నాక ఇంకో ఆలోచన రాలేదు.

కొనే ముందు ఇంకో రెండు చూశాను. మాన్యువల్ ప్రకారం డిస్క్ మందం 7 మి.మీ. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలు ఎక్కువగా ఆ మందమే. 9.5 మి.మీ. డిస్క్ ఉండే లాప్‌టాప్‌లో అయితే కదలకుండా సందు నింపే స్పేసర్ పెట్టాలి. డిస్క్ వివరాలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్స్‌ఫర్ మోడ్ రెండువైపులా సాటా/600 (సెకనుకు 600 ఎంబీ దాకా) అని చూపించింది. ఎడమవైపుది ప్రస్తుతం నడుస్తున్న వేగం, కుడివైపుది డిస్క్ సామర్థ్యం. ఎడమవైపు 300 ఉంటే పోర్టు పాతదై ఉండొచ్చు, అప్పుడు ఎస్‌ఎస్‌డీ వేగం సగానికి పడిపోతుంది. అయినా హార్డ్‌డిస్క్ కంటే ఎంతో నయం.

డిస్క్‌లో వాడినది 200 జీబీ లోపే, కాబట్టి 500 జీబీది సరిపోయింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది, ఆరో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. ఇలాంటి దానికి ఖరీదైన డ్రైవ్ పెట్టడం దండగనిపించింది.

ముందు ట్యాలీ డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో లేదని చూసుకుని, యూఎస్‌బీ–సాటా కేబుల్‌తో రాత్రి క్లోన్ (పాత డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టుగా కొత్తదానిలోకి కాపీ) పెట్టాను. పొద్దున మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, కొత్తది బిగించాను. మొదటిసారే బూట్ అయింది. ఇప్పుడు ట్యాలీ దాదాపు వెంటనే తెరుచుకుంటోంది. పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా తేదీ రాసి బీరువాలో పెట్టాను, ఈ సీజన్ లెక్కలు ముగిసేదాకా అలాగే ఉంటుంది. ర్యామ్ ఇంకా 4 జీబీనే. ఆరో తరంలో డీడీఆర్3ఎల్, డీడీఆర్4 అనే రెండు రకాల ర్యామ్‌లూ వచ్చాయి, మనది ఏదో అదే మాన్యువల్‌లో చూసి ఆ తర్వాత దాని పని పడతాను.