చోబె ఒడ్డున నాన్న అడిగిన ప్రశ్న

ఆఫ్రికాలోని బోట్స్వానా రాజధాని గాబరోన్ నుంచి, చోబె నది ఒడ్డునున్న కసానే ఊరు 900 కిలోమీటర్ల పైమాటే. రెండు రోజులు కారులో కూర్చోబెట్టి తీసుకెళ్తే, చోబె నది కనబడగానే నాన్న అన్న మొదటి మాట: "ఏరా, ఇక్కడేమన్నా గాలివాన కొట్టిందా?"

చూస్తే అలాగే ఉంటుంది మరి. ఒడ్డు పొడుగునా తెల్లగా ఎండిన మోడులు, పడిపోయిన మాన్లు. మేం వెళ్లింది సెప్టెంబరులో. లోపలి కుంటలు ఎండిపోయి ఏనుగులన్నీ నదికి చేరే కాలం. మా జీపు ముందే ఒక మగ ఏనుగు తుమ్మజాతి చెట్టులోకి దంతం దించి, బెరడును నార లాగినట్టు లాగింది. చుట్టూ బెరడు పోతే ఇక ఆ చెట్టు పని అయిపోయినట్టే. బోట్స్వానాలో ఏనుగులు 1,30,000 దాకా ఉన్నాయి. ఈ మోడుల్ని చూసి నేనూ చాన్నాళ్లు వాటినే తిట్టుకున్నాను.

నాన్న చూపు మాత్రం ఇంపాలా జింకల మంద మీద ఉంది. "పెద్ద చెట్లు సరే, పిల్లమొక్కలేవిరా? మేకలు తిరిగేచోట మొక్క లేస్తుందా?"

మాచర్ల పక్క పల్లెలో వేపమొక్కలకు కంప కట్టీ కట్టీ చేతులు గీరుకుపోయిన మనిషి. ఆయన అనుమానం నిజమే. శాస్త్రవేత్తలు ఇక్కడ మొక్కలు నాటి, కంచెలు వేసి చూశారు. వాటిని పెరగనివ్వనిది ముఖ్యంగా ఇంపాలాలే.

మరి ఆ పెద్ద చెట్లు ఎలా లేచాయి? పందొమ్మిదో శతాబ్దంలో దంతాల కోసం ఏనుగుల్ని దాదాపు తుడిచిపెట్టేశారు. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం వచ్చి గిట్టల జంతువుల్ని ఊడ్చేసింది. మేసేవాళ్లు లేని ఆ కొన్నేళ్ల సందులోనే అడవి మొలిచింది. అంటే మనం "పాడైపోయింది" అని బాధపడుతున్న అడవి, అసలు రెండు ఘోరాల మధ్య పుట్టింది. తర్వాత ఏనుగులు తిరిగొచ్చాయి. ఇప్పుడు అక్కడ అవి పెద్దగా ముట్టని క్రోటాన్, కాపారిస్ పొదలు గుబురుగా అల్లుకుంటున్నాయి.

నాన్న ఏమన్నాడని గైడు అడిగితే చెప్పాను. పెద్దగా నవ్వాడు. "మా ఇంట్లోనూ మేకలున్నాయి. మా అమ్మ ఒక్క మామిడి మొక్కని కూడా బతికించుకోలేకపోయింది" అన్నాడు.