ఉల్లిపొర రంగు చీర పక్కన ఉల్లిపాయ

నాలుగు లక్షల మంది చూసిన వీడియోకి మాకొచ్చిన ఆర్డర్లు మూడు. అందులో ఒకటి మా పెద్దాడపడుచు తోడికోడలిది, కాబట్టి రెండే అనుకోండి.

మాది మంగళగిరి. మామయ్యగారు ఆరు మగ్గాలు నేయిస్తారు. రెండు మా ఇంట్లో, మిగతావి నేతవాళ్ల ఇళ్లల్లో, అన్నీ గుంట మగ్గాలే. ఒకప్పుడు సరుకంతా విజయవాడ, హైదరాబాదు షాపులకే వెళ్లిపోయేది, చీర ఎవరు కట్టుకున్నారో మాకు తెలిసేదే కాదు. 2020లో లాక్‌డౌన్ పెట్టాక ఆ షాపులు మూతపడి బీరువాలు నిండిపోయాయి. ఊరికే కూర్చోలేక నా ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి కాలేజీ స్నేహితురాళ్ల గ్రూపులో పెట్టాను. ఆ వారంలో తొమ్మిది చీరలు పోయాయి. అప్పటినుంచి ఈ ఇంటి కెమెరామన్‌ని నేనే, ఎడిటర్‌ని నేనే, రాత్రి పదకొండింటికి "ప్రైస్ ప్లీజ్" అన్నవాళ్లకి జవాబు చెప్పేదీ నేనే.

ఆ నాలుగు లక్షల వీడియో సంగతి చెప్పాలి. ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంట్‌కి మారాక సినిమా పాటలు చాలావరకు పెట్టుకోవడానికి దొరకవు, హక్కుల గొడవ. సరే, పాట లేకపోతే లేకపోయింది అని మామయ్యగారు గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే ఆ టకటక శబ్దంతోనే ముప్పై సెకన్లు తీసి పెట్టేశాను. తెల్లారేసరికి ఫోన్ వేడెక్కిపోయింది. కింద అన్నీ దండాలు, గుండె బొమ్మలు, "మన కళ బతకాలి" అని కామెంట్లు. బాగానే ఉంది, కానీ కళ బతకాలన్న వాళ్లలో ఒక్కరూ ధర అడగలేదు!

రెండు వారాలకి మా పిన్ని కూతురు ఒక లింక్ పంపి, "అక్కా, ఈ చెయ్యి మీ మామయ్యగారిది కాదూ?" అంది. ఆ రాగి కడియం చూసి గుర్తుపట్టిందట. వీడియో మాదే, మూలన నేను వేసుకున్న పేరు మాత్రం కత్తిరించేశారు, కింద అమ్ముతున్నది ఐదొందల తొంభై తొమ్మిది రూపాయల పవర్‌లూమ్ చీర. రిపోర్ట్ కొడితే పోయింది, నాలుగు రోజులకి ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. మామయ్యగారు చూసి ఏమీ అనలేదు, భోజనం మాత్రం సగంలో లేచారు.

ఆ కోపంలో పుట్టిందే పలక. మా పిల్లాడి పాత పలక మీద సుద్దతో చీర నంబరు, ధర, తేదీ రాసి చీర మీదే పెట్టి వీడియో తీస్తున్నాం. దాన్ని కత్తిరించాలంటే చీరనే కత్తిరించాలి. ఇంకో ఉపకారం కూడా జరిగింది, కస్టమర్లు స్క్రీన్‌షాట్ పంపితే నంబరు అందులోనే ఉంటుంది, "ఆ పచ్చది కాదు మేడమ్, దాని పక్క పచ్చది" అనే గోల తగ్గింది. ధర దాచిపెట్టి "ఇన్‌బాక్స్ చేయండి" అనడం నాకు మొదటినుంచీ నచ్చదు. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో మనకి కనపడరు కదా.

మధ్యలో ఒక తప్పు కూడా చేశాం. వీడియోలు మేం చూసుకుంటామని ఒక మార్కెటింగ్ వాళ్లు వచ్చారు, నెలకి పదిహేను వేలు, పన్నెండు పోస్టులు. ఉగాది శుభాకాంక్షల పోస్టులో మా పేరు వేసి కంచి పట్టుచీర బొమ్మ పెట్టారు! మంగళగిరి చీరంటే ఒళ్లంతా సాదాగా ఉండి అంచులో జరీ మెరుస్తుందని, మధ్యలో బుటాలు మా సంప్రదాయం కాదని వాళ్లకి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. రెండు నెలలకే మానిపించాం.

నిజంగా తలనొప్పి తెచ్చేది రంగు. ఫోన్ కెమెరా తనకి తోచినట్టు రంగు సర్దేస్తుంది, ట్యూబులైటు కింద ఒకటి, కిటికీ దగ్గర ఒకటి. ఉల్లిపొర రంగు అని చెప్పి పంపితే, "నేను లైట్ పింక్ అనుకున్నానండీ" అని వెనక్కి వచ్చేది. నెమలికంఠం మరీ కష్టం, పడుగు అంటే నిలువు దారాలు ఒక రంగు, పేక అంటే అడ్డ దారాలు ఇంకో రంగు కాబట్టి మడత తిప్పితే రంగే మారిపోతుంది, ఫొటోలో ఏదో ఒకటే పడుతుంది. ఫిల్టర్లు మార్చాను, రెండు వేలు పెట్టి రింగ్ లైట్ కొన్నాను, అది ఇప్పుడు మా పిల్లాడి హోంవర్కుకి పనికొస్తోంది. చివరికి ఉపాయం చెప్పింది అత్తయ్య. ఆవిడ వంటింట్లోంచి ఒక ఉల్లిపాయ తెచ్చి చీర మీద పెట్టి, "ఇప్పుడు తియ్యి" అంది. అంతే! ఉల్లిపాయ ఏ రంగులో ఉంటుందో అందరికీ తెలుసు, ఫోన్ ఎంత మార్చినా చూసేవాళ్ల కన్ను సర్దుకుంటుంది. రంగు తేడా అని తిరిగొచ్చే చీరలు అప్పటినుంచి బాగా తగ్గాయి.

ఇంకో వీడియో ఉంది, దాన్ని చూసింది పదకొండు వందల మంది. డల్లాస్‌లో ఉండే ఒకావిడ అంచు ఫొటో పంపి, చిల్లులున్నాయి, డ్యామేజ్ చీర పంపారు అని కోప్పడింది. అవి డ్యామేజ్ కాదు. నేస్తున్నప్పుడు బట్ట ముడుచుకుపోకుండా మగ్గం మీద అడ్డంగా కర్ర బిగిస్తారు, దాని చివర్లలో సూదుల్లాంటివి ఉంటాయి, అవి దిగిన గుర్తులు. ఉతికి ఇస్త్రీ చేస్తే చాలావరకు కలిసిపోతాయి. ఇదంతా టైపు చేసే బదులు, నేరుగా మగ్గం దగ్గరకి వెళ్లి ఆ కర్ర చూపించి, అత్తయ్య చేత ఆ అంచు ఉతికించి, ఆరాక మళ్లీ చూపించి, నిమిషంన్నర వీడియో తీసి పంపాను. ఆవిడ సారీ చెప్పి ఇంకో రెండు చీరలు తీసుకుంది. ఇప్పుడు ఆ వీడియోని పార్సిల్ వెళ్లిన ప్రతి ఒక్కరికీ ముందే పంపేస్తున్నాను. షాపులో ఎదురుగా కూర్చున్న మనిషి ఏం అడుగుతుందో దానికే వీడియో తీస్తున్నాను ఇప్పుడు, రంగు పోతుందా, గంజి పెట్టాలా, బ్లౌజ్ పీస్ ఎంత వస్తుంది, ఇలాంటివి. వ్యూస్ రావు. అమ్మకం జరుగుతుంది.

అమ్మకం జరిగేది కూడా వాట్సాప్ స్టేటస్‌లోనే, ఇన్‌స్టాలో కాదు. కానీ మన స్టేటస్ వాళ్లకి కనపడాలంటే మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉండాలి, బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ సంగతీ అంతే. ఇది తెలియక ఏడాది పాటు గాలికి కబుర్లు చెప్పాను. ఇప్పుడు ప్రతి పార్సిల్‌లో చిన్న చీటీ పెడుతున్నాం, "మా నంబరు సేవ్ చేసుకోండి" అని. ఇక టైము, పొద్దున ఏడుకి పెడితే అమెరికాలో రాత్రి భోజనాలయి ఫోన్ పట్టుకునే వేళ, మధ్యాహ్నం రెండుకి పెడితే ఇక్కడివాళ్లు.

వానాకాలం మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు. గుంటల్లో నీళ్లు ఊరి మగ్గాలు ఆగిపోతాయి. పోయినసారి ఆ నీళ్లే చూపించి, చీరలు ఆలస్యమవుతాయని చెప్పాను. మామయ్యగారికి నచ్చలేదు, "మన ఇబ్బంది ఊరందరికీ ఎందుకమ్మా" అన్నారు. ఆయన అన్నదీ నిజమే, ఇంకోసారి తియ్యలేదు. అయినా ఆర్డరు పెట్టినవాళ్లు ఒక్కరు కూడా డబ్బు వెనక్కి అడగలేదు, అది మాత్రం ఆయనకి చెప్పాను.

రేపు వంకాయ రంగు చీరలు నాలుగు మగ్గం దిగుతున్నాయి. ఇందాకే మా ఆయన్ని బజారుకి పంపుతూ అత్తయ్య, "నల్లవి, మెరిసేవి చూసి తేరా, కూరకి కాదు" అని మరీ మరీ చెప్పింది.