బాలి, లోంబోక్ పల్లెల్లో నేల: సంతకానికి ముందు మనవాళ్ళు చూసుకోవలసినవి

ఇండోనేషియా దీవులైన బాలి, దాని పక్కనున్న లోంబోక్ చూసొచ్చాక "అక్కడ ఓ పది డిసిమల్ (సెంట్లు) తీసుకుంటే ఎలా ఉంటుంది" అని ఆలోచించేవాళ్ళు మన ఒడిశాలో బరంపురంలోనూ ఉన్నారు, పర్లాకిమిడిలోనూ ఉన్నారు. బాలి వైపు ఓడలేసుకెళ్ళిన పాతకాలపు వర్తకుల గుర్తుగా కార్తీక పున్నమికి అరటిదొప్ప పడవలు నీళ్ళలో వదిలే ఊళ్ళకి ఆ దీవుల మీద మనసు పోవడం సహజమే. అయితే అక్కడి ఏజెంట్లు చెప్పే మాట ఒకటుంది: "మీ పేరున రాదు గానీ మావాడి పేరున కొనండి, వెనక వేరే కాగితం రాయించుకుందాం." ఈ మాట వినగానే లేచి వచ్చేయాలి.

రాయగడ, గుణుపురం వైపు వాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. షెడ్యూల్డు ఏరియాలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని 1956 నాటి ఒడిశా రెండో రెగ్యులేషన్ చెబుతున్నా, ఎవరో గిరిజనుడి పేరు పెట్టి బినామీగా కొనడం మన దగ్గర తెలిసిన సంగతే. ఇండోనేషియాలో అదే పని చేస్తే భూమీ డబ్బూ రెండూ పోతాయి. 1960 నాటి వాళ్ళ భూచట్టం 21వ సెక్షన్ ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్య హక్కు, ఆ దేశ పౌరుడికే చెందుతుంది. 26వ సెక్షన్ రెండో క్లాజు ఇంకా ముందుకెళ్ళింది: విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ ఆ హక్కు అందేలా చేసిన ఒప్పందం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడగడానికి కూడా వీల్లేదు. కాగితం మీద పేరున్నవాడు మంచివాడైనా లాభం లేదు. అతను చనిపోతే పిల్లలు వస్తారు, విడాకులైతే భార్య వాటా అడుగుతుంది, అప్పు చేస్తే బ్యాంకు వస్తుంది.

చట్టం ఒప్పుకునే దారులు మూడు. ఇండోనేషియా ఇమ్మిగ్రేషన్ పత్రాలున్న విదేశీయుడికి హక్ పకై, అంటే వాడుకునే హక్కు; 2021లో వచ్చిన 18వ నంబరు ప్రభుత్వ నియమావళి కింద 30, తర్వాత 20, ఆపైన 30 ఏళ్ళు. ఇంటికి కనీస ధర ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వమే పెడుతుంది కాబట్టి పల్లెటూరి చిన్న ఇంటికి ఇది పనికిరాదు. రెండోది విదేశీ పెట్టుబడి కంపెనీ. నేల, కట్టడం విలువ కలపకుండా 10 బిలియన్ రుపియాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక చూపాలి. సొంతానికి రెండు గదులు కావాలనుకునేవాడు ఆ వైపు చూడనక్కర్లేదు. మిగిలింది హక్ సేవా, మన భాషలో లీజు. మామూలు మనిషికి ఇదొక్కటే దారి, నా దృష్టిలో ఇది చాలు కూడా.

ముందు కొలతలు. బాలిలో నేల ధర "ఆరె"ల్లో చెబుతారు. ఒక ఆరె 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2.47 డిసిమల్. మన పది డిసిమల్ సుమారు నాలుగు ఆరెలు. ధర "జుతా"ల్లో ఉంటుంది. జుతా అంటే పది లక్షల రుపియాలు. లీజు రేటు ఆరెకి ఏడాదికి ఇంత అని చెప్పి, మొత్తం సంవత్సరాలకీ ఒకేసారి అడగడం మామూలు. లెక్క తెలియడానికి ఒక అంకె వేసుకుందాం: ఆరెకి ఏడాదికి 5 జుతా, నాలుగు ఆరెలు, 25 ఏళ్ళు అయితే 500 జుతా. లీజు ఆదాయం మీద 10 శాతం పన్ను ఉంది, అది యజమాని కట్టాల్సింది. ఆయన "నాకు చేతికి 500 రావాలి" అంటే పన్ను మీ నెత్తిన పడ్డట్టే. అప్పుడు ఒప్పందం విలువ 500 కాదు, దాదాపు 556 జుతా. ఈ మాట బేరం దగ్గరే తేల్చుకోకపోతే సంతకాల రోజు గొడవవుతుంది.

ఇక కాగితాలు. మన దగ్గర ఖజానా (భూమి శిస్తు) రసీదు చూపించి భూమి నాదే అంటే తహసీల్ ఆఫీసులో ఒప్పుకోరు కదా, పట్టా కావాలి. అక్కడా అంతే. ఏటా కట్టే భూమి పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదు. గిరిక్, బాలిలో పిపిల్ అనే పాత పన్ను కాగితాలు పల్లెల్లో ఇంకా కనబడతాయి. వాటిని అయిదేళ్ళలో రిజిస్టరు చేయించుకోవాలని అదే 2021 నియమావళి గడువు పెట్టింది, 2026 ఫిబ్రవరితో ఆ గడువు తీరింది. కాబట్టి భూమి కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్న నేలే చూడండి. ఆ సర్టిఫికెట్ అసలుదా, బ్యాంకు తాకట్టులో ఉందా, కోర్టు తగాదాలో ఉందా అన్నది భూమి దస్తావేజులు రాసే అధికారి పి.పి.ఎ.టి. ద్వారా భూమి కార్యాలయంలో తనిఖీ చేయించాలి. ఆ అధికారిని యజమానో ఏజెంటో చూపిస్తే వద్దనండి, మీ ఖర్చుతో మీరే పెట్టుకోండి.

సర్టిఫికెట్ సరిగ్గా ఉన్నా కట్టుకోనిస్తారని కాదు. ఆకుపచ్చ జోన్‌లో, రక్షిత వరి పొలంలో ఇల్లు కట్టనివ్వరు. సముద్రం ఒడ్డున అత్యధిక పోటు గీత నుంచి కనీసం 100 మీటర్లు వదలాలి. బీచ్ మీదే ప్లాటు అని చూపించేవి చాలావరకు ఈ గీత లోపలే పడతాయి. ఇల్లు కట్టడానికి ఇదివరకు ఇచ్చే పర్మిషన్ బదులు 2021 నుంచి పి.బి.జి. అనే అనుమతి వచ్చింది. అది వస్తుందో రాదో జోన్ మ్యాపు చూసి తేల్చుకున్నాకే అడ్వాన్సు.

లీజు పత్రం నోటరీ ముందే కావాలి, ఇండోనేషియా భాషలో ఉండాలి. 2009 నాటి 24వ నంబరు చట్టం ఆ భాషను తప్పనిసరి చేసింది. పక్కన ఇంగ్లీషు ప్రతి పెట్టుకోవచ్చు గానీ ఇంగ్లీషు ఒక్కటే ఉన్న ఒప్పందం కోర్టులో నిలవకపోవచ్చు. పత్రంలో భార్యాభర్తలిద్దరి సంతకాలూ ఉండాలి. తండ్రి పోయిన భూమి అయితే వారసులందరి సంతకాలూ కావాలి. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లనీ, జకార్తాలో ఉద్యోగం చేసే తమ్ముడినీ వదిలేస్తే పదేళ్ళ తర్వాత వాళ్ళే వస్తారు. యజమాని అమ్మేసినా లీజు రద్దు కాదని వాళ్ళ సివిల్ కోడ్ 1576వ సెక్షన్ చెబుతుంది, అయినా పత్రంలో మళ్ళీ రాయించండి. పొడిగింపు దగ్గర "అప్పటి ధర మాట్లాడుకుంటాం" అని రాస్తే మీ చేతిలో ఏమీ లేనట్టే. ధర ఎలా లెక్కించాలో, ఎవరు వెల కట్టాలో, ఎన్ని నెలల ముందు అడగాలో ఉండాలి. కట్టుకునే హక్కు, ఇంకొకరికి అద్దెకిచ్చే హక్కు, మీరు పోతే మీ వారసులకి కొనసాగడం, ఇవన్నీ విడివిడి వాక్యాలుగా రాయాలి. గడువు తీరాక కట్టడం మామూలుగా యజమానిదవుతుంది, అందుకని పదేళ్ళ లీజు మీద పాతికేళ్ళు నిలిచే ఇల్లు కట్టకండి.

నేల చూడ్డానికి ఎప్పుడు వెళ్ళాలన్నది మనవాళ్ళు తరచూ తప్పు లెక్క వేస్తారు. గంజాంలో నాట్లు పడే జూలైలో అక్కడ వానల్లేని కాలం. వానలు సుమారు నవంబరు నుంచి మార్చి దాకా. జనవరిలో వెళితే దారి బురద, కప్పు కారడం, వాగు ఎక్కడిదాకా పొంగుతుందో తెలుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళితే బావిలో నీళ్ళు మిగిలాయా, ఒడ్డు దగ్గర బోరు ఉప్పెక్కిందా అన్నది బయటపడుతుంది. రెండు కాలాలూ చూడాలి. నూసా పెనీడా లాంటి సున్నపురాయి దీవుల్లో కొండ మీది ఇళ్ళు వాననీళ్ళు తొట్లలో పట్టుకుని బతుకుతాయి. మీ ఇంటికి తొట్టి ఎంత, ట్యాంకరు ఎక్కేంత దారి ఉందా అని అడగండి. దారి అంటే కాలిబాట కాదు. పక్కవాడి పొలంలోంచి వెళ్ళే దారి అయితే ఆయనతోనూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి, లేకపోతే ఇటుకల లారీ వచ్చిన రోజే దారికి అడ్డంగా వెదురు కంచె కడతారు. బాలిలో పొలం గట్టున పారే కాలవ సుబక్ అనే రైతుల నీటి సంఘానిది. దాన్ని పూడ్చడం, మళ్ళించడం మాట కూడా ఎత్తకూడదు.

కరెంటు మన లాగే 230 వోల్టులు. పల్లె ఇళ్ళకి 450, 900 లేదా 1,300 వోల్ట్ ఆంపియర్ల కనెక్షన్లు ఉంటాయి. 900 అంటే నాలుగు ఆంపియర్లు, 1,300 అంటే ఆరు. మోటారు, రైస్ కుక్కరు, ఏసీ కలిపి వేస్తే బ్రేకరు పడిపోతుంది. చాలాచోట్ల ప్రీపెయిడ్ మీటరే, 20 అంకెల టోకెన్ కొని నొక్కాలి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు, సన్నని రెండు పిన్నులది సరిపోతుంది.

ఊరితో సంబంధం కాగితాలంత ముఖ్యం. బాలి పల్లెలో బంజార్ అనే వాడ సంఘం ఉంటుంది, దాని పెద్దను ముందే కలవాలి, అడిగిన చందా కట్టాలి. గుడి ఉత్సవాలకి దారి మూస్తారు, మేస్త్రీలు పనికి రారు, కాబట్టి కట్టడం గడువులో ఆ రోజులు కలుపుకోండి. గలుంగన్ పండగ 210 రోజులకోసారి వస్తుంది. శక సంవత్సరాది న్యెపి మన ఉగాది దరిదాపుల్లోనే పడుతుంది. ఆ 24 గంటలూ బయటికి రాకూడదు, దీపాలు వెలిగించకూడదు, విమానాశ్రయం కూడా మూస్తారు. లోంబోక్‌లో ఎక్కువమంది ససక్ ముస్లింలు, అక్కడ రంజాన్ నెలను బట్టి పనుల లెక్క మారుతుంది. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. కుక్కో కోతో కరిస్తే సబ్బు, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి వెళ్ళాలి. శాకాహారులకి టెంపే, టోఫు దొరుకుతాయి గానీ సంబల్ పచ్చడిలో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. "తన్‌పా తెరాసి" అని ముందే చెప్పాలి.

వీసా మనవాళ్ళకి దిగాక ఇచ్చే రకమే: 5 లక్షల రుపియాలు, 30 రోజులు, ఒకసారి ఇంకో 30 పొడిగింపు. ఈ వీసా మీద పని చేయకూడదు, మీ ఇంటి గోడకి మీరే రంగు వేస్తున్నా అధికారులు అడగొచ్చు. బాలికి విడిగా 1.5 లక్షల రుపియాల పర్యాటక రుసుము 2024 ఫిబ్రవరి నుంచి ఉంది. బరంపురం నుంచి భువనేశ్వర్ గానీ విశాఖ గానీ చేరి, కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా బాలిలోని దెన్‌పసార్ వెళ్ళడం ఒక దారి. అక్కడినుంచి లోంబోక్‌కి పదాంగ్‌బాయ్ – లెంబార్ పెద్ద ఫెర్రీ నాలుగైదు గంటలు. అలలు ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. తిరుగు విమానానికి ముందు రోజే బాలి చేరి ఉండండి.

చివరిగా డబ్బు పంపడం. ఇక్కడినుంచి రిజర్వు బ్యాంకు పద్ధతిలో ఏడాదికి ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల వరకు బ్యాంకు ద్వారానే పంపాలి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టి.సి.ఎస్., అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అన్నాళ్ళూ ఆ సొమ్ము చేతిలో ఉండదని బడ్జెట్టులో రాసుకోండి. అయిదేళ్ళు దాటిన లీజుకి మన విదేశీ ఆస్తి నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి బ్యాంకు ఫారంలో పని ఏమిటో ఉన్నది ఉన్నట్టు రాయండి, ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు ఏటా నింపండి. అద్దెకిచ్చి ఆదాయం వచ్చినా రాకపోయినా నింపాల్సిందే.