ముందు బట్టలు చూడండి, కెమెరా సంగతి తర్వాత

స్ట్రీట్ ఫ్యాషన్ ఫొటోగ్రఫీ మొదలుపెట్టాలని ఉంది, ఏ కెమెరా కొనమంటారు అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఏదీ కొనొద్దు, ఫోన్ చాలు. అసలైతే మొదటి నాలుగైదు రోజులు ఆ ఫోన్ కూడా జేబులోనే ఉంచి, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో కోఠిలోనో ఒక పక్కగా నిలబడి, వచ్చేపోయేవాళ్లు ఏం వేసుకున్నారు, దాన్ని ఎలా వేసుకున్నారు అన్నది మాత్రం చూడండి. ఒకే షాపులో ఒకే ధరకి కొన్న చొక్కాని ఒకరు టక్ చేసి మెడ దాకా గుండీలు పెట్టుకుంటారు, ఇంకొకరు గుండీలన్నీ వదిలేసి, చేతులు మోచేయి పైదాకా మడిచి, లోపలి టీషర్ట్ కనిపించేలా వేసుకుంటారు. నేను రోడ్డు మీద నిలబడేది ఆ మడత కోసమే.

కొత్తవాళ్లలో చాలామంది మొహం చూసి ఫొటో తీస్తారు. అందమైన మొహం, వెనకాల బ్లర్, అయిపోయింది. అది మంచి పోర్ట్రెయిట్ కావచ్చు, కానీ కుచ్చిళ్లు ఎంత వెడల్పున పెట్టారు, ప్యాంటు చీలమండకి ఎంత పైన ఆగింది, కాళ్లకి ఏం చెప్పులు, ఇవేవీ అందులో ఉండవు. న్యూయార్క్ టైమ్స్‌కి దశాబ్దాల పాటు వీధి ఫ్యాషన్ ఫొటోలు తీసిన బిల్ కనింగ్‌హామ్ గురించి తెలుసుకోండి. ప్యారిస్‌లో వీధులు ఊడ్చేవాళ్లు వేసుకునే నీలం జాకెట్ తొడుక్కుని, సైకిల్ మీద మన్‌హాటన్ అంతా తిరిగేవారు. 1978లో ఒకావిడ కోటు చూసి, భుజం దగ్గర దాన్ని కత్తిరించిన తీరు నచ్చి ఫొటో తీశారు. ఆ కోటులో ఉన్నది గ్రెటా గార్బో అని ఆయనకి తర్వాతే తెలిసింది. అంత పెద్ద సినిమా తార ఎదురైనా ఆయన కళ్లు ముందు కోటు మీదే ఉన్నాయి చూడండి, ఆ చూపు వస్తే మిగతాదంతా నేర్చుకోవచ్చు.

ఆయన ఒకే ధోరణికి చెందిన ఫొటోలు చాలా పోగేసి పక్కపక్కన వేసేవారు. మీరు కూడా ఊరంతా తిరిగి కనపడ్డవన్నీ తీసే బదులు ఒక్క విషయం పట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటే నేను చెప్పేది స్కార్ఫ్. ఎండలు మొదలవగానే స్కూటీ తీసే అమ్మాయిలు పార్కింగ్‌లో బండి అద్దంలో చూసుకుంటూ కట్టుకుంటారు కదా, అది. నుదుటి మీదుగా కప్పి, ఒక కొసని ముక్కు మీదకి లాగి, రెండు కొసలూ మెడ వెనక ముడి వేసేసరికి కళ్లు తప్ప ఏమీ కనిపించవు. పైన హెల్మెట్, చేతులకి మోచేతులు దాటిన గ్లోవ్స్. ఎండా దుమ్మూ నేర్పిన కట్టు ఇది, ఏ డిజైనరూ గీసి ఇవ్వలేదు. ఒకరు కుర్తీకి మ్యాచింగ్ చూసుకుంటారు, ఒకరు పాత చున్నీతో కానిచ్చేస్తారు, ఒకరి ముడి పక్కకి వచ్చి పువ్వులా నిలబడుతుంది. ఇలాంటివి ఇరవై ముప్ఫై పక్కపక్కన పెడితే ఈ ఊరి ఎండాకాలం ఎలా ఉంటుందో చూపించినట్టే, పైగా మొహం కనపడదు కాబట్టి చాలామంది తేలిగ్గా ఒప్పుకుంటారు.

ఒప్పుకోవడం అన్నాను, అది ముఖ్యం. దూరం నుంచి జూమ్ చేసి చాటుగా తీయడం నాకు అస్సలు ఇష్టం లేదు, ముఖ్యంగా ఆడవాళ్లని. అడగండి. జనరల్ బజార్‌లో అయితే "అక్కా, చీర చాలా బాగుంది, ఒక ఫొటో తీసుకోనా?" అంటే చాలు. పాతబస్తీలో "భయ్యా, కుర్తా బహుత్ అచ్ఛా హై, ఏక్ ఫొటో లేలూఁ?" అంటే నవ్వుతూ కాలర్ సర్దుకుంటారు. ముందు బట్టల మాట, తర్వాత ఫొటో మాట, ఈ వరస మార్చొద్దు, ఎందుకంటే తన ఎంపికని మెచ్చుకుంటున్నారని తెలిశాక మనిషి నిలబడే తీరే మారిపోతుంది. వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి. చిన్నపిల్లలైతే అమ్మానాన్నలని అడగాలి. ఫొటో ఎక్కడ పెడతారో చెప్పండి, తీసింది అక్కడే వాళ్లకి పంపండి.

వెలుతురు విషయంలో మన బజార్లలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, షాపుల ముందు కట్టే నీలం టార్పాలిన్. దాని కింద నిలబెడితే తెల్ల కుర్తా నీలంగా వస్తుంది, చర్మం కూడా, ఎడిటింగ్‌లో ఎంత సరిచేసినా అసలు రంగు రాదు. ఆ మనిషిని రెండడుగులు బయటికి రమ్మనండి. రెండోది, చార్మినార్ పక్కన లాడ్ బజార్ గాజుల షాపుల ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, షట్టర్ మరీ వేగంగా ఉంటే ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడతాయి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ వేగం సెకనులో 1/100 గానీ 1/50 గానీ పెట్టి, కాసేపు కదలకుండా నిలబడమనండి. మధ్యాహ్నం పూట నాకు నచ్చిన చోటు అక్కడికి దగ్గర్లోనే ఉన్న పత్తర్‌గట్టీ బజారు రాతి కమాన్ల కింద. బయట ఎండ మండిపోతున్నా లోపల నీడ మెత్తగా ఉంటుంది, రాయి రంగు ఏ బట్టతోనూ కొట్లాడదు.

ఫోన్‌ని నడుము ఎత్తులో పట్టుకోండి, పైనుంచి వంచి తీస్తే కాళ్లు పొట్టిగా వస్తాయి. 2ఎక్స్ జూమ్ పెట్టి వెనక్కి జరగండి. చెప్పులు ఫ్రేమ్‌లో ఉండాల్సిందే.

బట్టల పేర్లు తెలియకుండా ఈ పని చేయడం నాకైతే కుదరని పని. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుని ముందే ముళ్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు, అందుకే డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అది దూరం నుంచి కనిపించదు. నిలువెత్తు ఫొటో తీశాక దగ్గరికెళ్లి పైట వరకే ఇంకో ఫొటో తీయండి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుని. జరీ ఉంటే ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో వెలుతురు, కొంచెం తగ్గించండి, లేకపోతే అంచంతా తెల్లగా పేలిపోతుంది.

టోక్యోలో హరజుకు అనే పేటలో కుర్రకారుని ఫొటోలు తీసిన షోయిచి అవోకి, 1997లో మొదలుపెట్టిన ఫ్రూట్స్ పత్రికలో ప్రతి ఫొటో కింద ఏం వేసుకున్నారో, ఎక్కడిదో రాసేవారు. మనమూ రాయాలి. బట్ట ఎక్కడ కొన్నారు, ఎవరు కుట్టారు, అక్కదా అమ్మదా అని అడిగితే వచ్చే జవాబులు ఒక్కోసారి ఫొటో కన్నా బాగుంటాయి.

నాంపల్లిలో నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, మామూలుగా ఏటా జనవరి మొదట్లో మొదలవుతుంది, కొత్తవాళ్లకి అంతకన్నా మంచి చోటు లేదు, అందరూ తయారై వస్తారు, తీరిగ్గా నడుస్తారు, ఫొటో అడిగితే విసుక్కునేవాళ్లు తక్కువ. చలికి చీర మీద ఇంట్లో మగవాళ్ల ఫుల్ స్వెటర్ వేసుకుని, పైటని దాని పైనుంచి తిప్పి వేసుకునే పెద్దమ్మలు ఉంటారు చూడండి, ఈసారి నేను వాళ్ల కోసమే వెళ్తున్నాను.