ఈజ్ రాయాలా, ఆర్ రాయాలా: ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌కు నేను తయారైన తీరు

నేను చేరాలనుకున్న కోర్సుకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ బ్యాండ్ 7, అంటే 7 స్కోరు, రావాలి. లిజనింగ్, రీడింగ్ నెట్టుకొస్తానని తెలుసు. టెన్షనంతా రైటింగ్ మీదే. గంటలో రెండు రాయాలి. టాస్క్ 1కి కనీసం 150 పదాలు, టాస్క్ 2కి కనీసం 250. మార్కులు వేసేందుకు చూసే నాలుగు అంశాల్లో గ్రామర్ ఒకటి, పావు వంతు దానిదే. బ్యాండ్ 7 అంటే తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించాలి. అంటే చాలా వాక్యాల్లో కర్తకీ క్రియకీ పొత్తు కుదరాల్సిందే.

అప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆఫీసు అయ్యాక కోచింగ్‌కి వెళ్లేవాణ్ణి. అక్కడి మేడమ్‌ది ఓ పద్ధతి. వ్యాసంలో తప్పు దిద్దరు. పెన్సిల్‌తో క్రియ చుట్టూ సున్నా చుట్టి, "దీని కర్త ఎక్కడుందో వెతికి, గీత గీసి కలుపు" అంటారు. మా బ్యాచ్‌లో చాలామంది పేపర్లలో సున్నా పడే వాక్యాలు ఒకే తీరుగా ఉండేవి: "ది క్వాలిటీ ఆఫ్ ది రోడ్స్ ఇన్ మెనీ సిటీస్ ఆర్ పూర్." బాగాలేనిది క్వాలిటీ, అది ఏకవచనం, కాబట్టి ఈజ్ రావాలి. రూలు అందరికీ వచ్చు. ఐనా చేయి ఆర్ అనే రాస్తుంది. ఎందుకని?

నాకు జవాబు మన భాషలోనే దొరికింది. "చాలా నగరాల్లోని రోడ్ల నాణ్యత బాగాలేదు" అంటాం. వివరాలన్నీ ముందు వచ్చేస్తాయి, అసలు నామవాచకం చివర, క్రియ పక్కనే ఉంటుంది. అందుకే క్రియకి దగ్గర్లో ఉన్నదాన్నే కర్త అనుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంగ్లిష్‌లో అసలు నామవాచకం ముందు వస్తుంది, ఆఫ్, ఇన్, విత్ లాంటి మాటలతో వివరాలు తర్వాత తోకలా వేలాడతాయి. ఆ తోక చివర ఉన్న సిటీస్ చెవిలో మోగుతూ ఉంటుంది కాబట్టి ఆర్ పడిపోతుంది. "వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి" అని రోజంతా తడుముకోకుండా మాట్లాడేవాళ్లం మనం. పొత్తు కుదర్చడం మనకు కొత్త కాదు, కర్తను వెతకాల్సిన చోటే మారింది. ఇది తెలిశాక రూల్స్ లిస్టు బట్టీ పట్టడం మానేశాను.

ఆ తర్వాత నా సాధన అంతా తోక కత్తిరించడమే. అవుటర్ రింగ్ రోడ్డు మీద బస్సు సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఎలాగూ కదలదు. ఒళ్లో ఇంగ్లిష్ పేపర్ డెక్కన్ హెరాల్డ్ సంపాదకీయం పెట్టుకుని, పొడుగు వాక్యాల్లో ఆఫ్ దగ్గర్నుంచి క్రియ దాకా పెన్సిల్‌తో కొట్టేసేవాణ్ణి. మిగిలిన రెండు మాటలూ కలుస్తున్నాయా అని చూసుకునేవాణ్ణి. "వన్ ఆఫ్ ది రీజన్స్ ఈజ్" ఇలాగే తేలిపోతుంది. యాజ్ వెల్ యాజ్, ఎలాంగ్ విత్ కూడా అంతే, వాటి వెనక ఎంతమంది వచ్చినా లెక్కలోకి రారు.

ఒకరోజు పీజీలో మా అనంతపురం తమ్ముడు నా నోట్సు చూసి పట్టేశాడు.

"అన్నా, ఆఫ్ తర్వాతది వదిలేయమంటివి. మరి '40 పర్సెంట్ ఆఫ్ ది స్టూడెంట్స్ ఆర్' అని రాసినావే?"

వాడు అడిగింది సరైన ప్రశ్న. శాతాలు, భిన్నాలు, సమ్, మోస్ట్, ఆల్ వచ్చినప్పుడు ఆఫ్ తర్వాత ఉన్నదే తేలుస్తుంది. 40 పర్సెంట్ ఆఫ్ ది వాటర్ ఈజ్, 40 పర్సెంట్ ఆఫ్ ది స్టూడెంట్స్ ఆర్. ఎ నంబర్ ఆఫ్ టూరిస్ట్స్ వర్ అనాలి, ది నంబర్ ఆఫ్ టూరిస్ట్స్ వాజ్ అనాలి. టాస్క్ 1లో గ్రాఫులు, పట్టికలు వచ్చాయంటే నంబర్, పర్సెంటేజ్ లేకుండా పేరా కదలదు. అందుకే వీటి మీద మిగతా అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చున్నాను. ఇంకా పోలీస్ ఆర్, న్యూస్ ఈజ్ లాంటివి కొన్ని ఉన్నాయి, అవి వాడుకలో పట్టుబడతాయి. గవర్నమెంట్‌కి బ్రిటిష్ వాడుకలో హ్యాజ్, హ్యావ్ రెండూ చెల్లుతాయి. నేను హ్యాజ్ ఎంచుకుని వ్యాసమంతా దాన్నే నిలిపేవాణ్ణి.

పరీక్ష కంప్యూటర్ మీద రాశాను. పదాల లెక్క తెరే చూపిస్తుంది కాబట్టి ఆ బెడద లేదు. టాస్క్ 2కి టాస్క్ 1 కన్నా రెట్టింపు విలువ, అందుకని దాన్నే ముందు ముగించాను. ఆఖరి నిమిషాల్లో కొత్త వాక్యం జోలికి వెళ్లకుండా, కింది నుంచి పైకి ఒక్కో క్రియ దగ్గర ఆగి కర్తను వెతుక్కుంటూ వచ్చాను. కింది నుంచి చదివితే అర్థం వెంట కొట్టుకుపోం, వాక్యం వాక్యంగా కనిపిస్తుంది. ఇది మేడమ్ నేర్పింది కాదు, మాక్ టెస్టులు రాస్తూ నేను కనిపెట్టుకున్నది.

రైటింగ్‌లో 7 వచ్చింది. పెన్సిల్ గీతలున్న ఆ సంపాదకీయాల కట్ట అనంతపురం తమ్ముడికి ఇచ్చేశాను. వచ్చే నెల వాడి పరీక్ష, రోజూ రాత్రి ఒక వ్యాసం నాకు వాట్సాప్‌లో పెడుతున్నాడు.